స్టార్టు కాని పాత కారు పాత ఇనుమేనా?

ప్రభుత్వ రంగ సంస్థల షెడ్లలో ఒకనాడు బారులు తీరి నిలిచిన అంబాసిడర్ కార్లు నేడు కానరావు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో వాటి తయారీ 2014లో నిలిచిపోయింది. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుండి చెల్లకుండా పోయింది. అయినా సొంతంగా కొనుక్కున్న అంబాసిడర్‌ను నేటికీ ఆప్యాయంగా కాపాడుకుంటున్న సహోద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు లేకపోలేదు. ఒక ఉదయం ఆ కారు స్టార్టు కాకపోతే, "ఇక దీని పని అయిపోయింది, తూకానికి అమ్మేయండి" అని సలహా ఇచ్చేవారికి కొదవ ఉండదు.

రవాణా విభాగంలో పనిచేసే మా దృష్టిలో ఈ తీర్పు చాలాసార్లు తొందరపాటే. ఇంజన్ ఒక్క రాత్రిలో అరిగిపోదు. నిన్న సాయంత్రం చక్కగా నడిచిన కారు నేడు మొరాయించిందంటే లోపం సాధారణంగా చిన్నదే అయి ఉంటుంది. దానిని వెదకడానికి ఒక క్రమం ఉన్నది. కాంటాక్టు పాయింట్లు, కార్బురేటర్ గల 1489 సి.సి. పెట్రోలు ఇంజన్‌ను దృష్టిలో ఉంచుకొని ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

ఇంజన్ స్టార్టు కావాలంటే అది తగిన వేగంతో తిరగాలి, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలి, గాలితో కలిసి పెట్రోలు అందాలి. ఇదే వరుసలో పరీక్షించాలి. ఒకటి తేలకముందే మరొకదానిపై చేయి వేస్తే ఉన్న లోపానికి కొత్త లోపం తోడవుతుంది.

ఇంజన్ తిరుగుతున్నదా?

గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, హెడ్‌లైట్లు వెలిగించి సెల్ఫ్ కొట్టాలి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీలో బలం లేదని గాని, టెర్మినల్స్ పట్టు తప్పాయని గాని భావించవచ్చు. లైట్లు ప్రకాశంగానే ఉండి సెల్ఫ్ కదలకపోతే సోలినాయిడ్‌ను, దాని వైర్లను చూడాలి. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టులకు దిగితే అది చాలావరకు ఖాళీ అయినట్లే. కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినల్స్‌పై పేరుకున్న తెల్లని పొడిని వేడినీటితో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి వ్యాజలీన్ పూయాలి. ఇంజన్‌ను బాడీతో కలిపే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

కరెంటు అందుతున్నదా?

ఇంజన్ బాగా తిరిగినా అంటుకోకపోతే ఒక ప్లగ్గు వైరును ఊడదీసి, దానికి మంచి విడి ప్లగ్గును తగిలించాలి. ఆ ప్లగ్గు లోహభాగాన్ని కార్బురేటర్‌కు దూరంగా ఇంజన్‌కు ఆనించి, రబ్బరు పిడి గల పట్టకారుతో పట్టుకొని సెల్ఫ్ కొట్టించాలి. నీలిరంగు రవ్వ వస్తే సరే. రవ్వ లేకపోతే కాయిల్ నుండి వచ్చే నడిమి వైరును ఇలాగే పరీక్షించాలి. అక్కడ రవ్వ ఉంటే లోపం డిస్ట్రిబ్యూటర్ మూతలోనో, రోటార్‌లోనో, వైర్లలోనో ఉన్నట్లు. వానకాలంలో మూత లోపలి చెమ్మను పొడిగుడ్డతో తుడిచినంత మాత్రాన కారు కదిలిన సందర్భాలు అనేకం.

అక్కడా రవ్వ లేకపోతే పాయింట్లను చూడాలి. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అనగా సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు మాటిమాటికీ కాలి నల్లబడుతుంటే కండెన్సర్‌ను అనుమానించాలి. అరచేతిలో ఇమిడే ఆ చిన్న వస్తువు చెడినందుకే కారు మొత్తాన్ని వదులుకోబోయినవారున్నారు.

పెట్రోలు చేరుతున్నదా?

ప్లగ్గు విప్పి చూడండి. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్లు. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి ఉంచి, సెల్ఫ్ కొట్టాలి. పొడిగా ఉంటే కార్బురేటర్ వద్ద గొట్టం ఊడదీసి, సీసాలో పెట్టి ఇంజన్‌ను తిప్పించాలి. పెట్రోలు విడతలు విడతలుగా చిమ్మితే పంపు పనిచేస్తున్నట్లే. మండు వేసవిలో దారిమధ్యలో ఆగిపోతే గొట్టంలో ఆవిరి పట్టి ఉండవచ్చు. పంపుపై తడిగుడ్డ వేసి కాసేపు ఆగాలి.

నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్ దానికి తట్టుకోలేక మెత్తబడి చీలవచ్చు. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. కనుక నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచరాదు.

చేయరానివి

సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఏకబిగిన కొట్టరాదు. అలా కొడితే మోటారు కాలుతుంది, బ్యాటరీ అడుగంటుతుంది. కార్బురేటర్‌లో నేరుగా పెట్రోలు పోసి స్టార్టు చేయడం అలవాటుగా కొందరిలో కనిపిస్తుంది. వెనుకకు మంట తన్నితే ముఖం కాలుతుంది. హ్యాండిల్‌తో తిప్పేవారు బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. చుట్టి పట్టుకుంటే, ఇంజన్ ఎదురు తన్నినప్పుడు ఎముక విరుగుతుంది.

పాయింట్లు సర్దడం ఎరిగిన మెకానిక్కులు నానాటికీ తగ్గిపోతున్నారు. కనుక ఈ విద్యలో కొంతైనా యజమానికి అబ్బాలి, ఇంట్లో పిల్లలకూ నేర్పాలి. పై మూడు పరీక్షలూ చేసినా కారణం దొరకనప్పుడే ఇగ్నిషన్ టైమింగ్, కంప్రెషన్ వంటివి చూసేందుకు నిపుణుని పిలవండి. తూకానికి వేయాలా, వద్దా అన్న ఆలోచన ఆ తరువాతిది.