మాండలికము వేఱు, భాష వేఱు



కొండలనుండి సంతకు దిగివచ్చిన సవరల సంభాషణము విని, "ఇదియు నేదో తెనుగు యాసయే" యని తలచువారు మనలో ననేకులు కలరు. లిపి లేనిది భాషయే కాదనువారును కలరు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు.

విశాఖపట్టణమువాడు "వచ్చాడు" అనును. కడపవాడు "వచ్చినాడు" అనును. వరంగల్లువాడు "వచ్చిండు" అనును. రూపములు వేఱైనను ధాతు వొక్కటియే, వాక్యపు కట్టడి యొక్కటియే. దుబాసి లేకయే యొకరిమాట యొకరికి బోధపడుచున్నది. ఇట్టివి యొకే భాషయొక్క మాండలికములు.

ఇక గోండుల లెక్క వినుడు: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. మన రెండు, మూడు, నాలుగులతో వీని చుట్టరికము చెవికే తెలియుచున్నది. అయినను గోండులు తమలో తాము మాటాడుకొనునప్పుడు తెలుగువాడు గ్రహింపజాలడు. గోండీ తెనుగునకు బిడ్డ కాదు. ద్రావిడ కుటుంబమున తోబుట్టువు. 2011 జనగణనమున దానిని మాతృభాషగా చెప్పినవారు దాదాపు 30 లక్షలు. గోదావరి మన్యమునందలి కోయమాటను పెక్కుమంది భాషావేత్తలు గోండీ మాండలికముగా నెంచుదురు; కొందఱు వేఱుభాష యందురు. గట్టు ఎల్లచోట్లను స్పష్టముగా నుండదు.

సవర సంగతి యట్లు కాదు. వారు అబోయ్, బాగు, యాగి యని యెన్నుదురు. పదుమూటిని పండ్రెండుమీద నొకటిగా చెప్పుదురు. పెద్దసంఖ్యలను ఇరువదులుగా లెక్కింతురు. ఈ భాష ముండా కుటుంబమునకు చెందినది. సంతాలీ, ముండారీ దీని దాయాదులు. కంబోడియా దేశపు ఖ్మేరు భాష దూరపు చుట్టము. ఆంధ్రదేశపు ఉత్తరపుకొనను సీతంపేట కొండలలోను, ఒడిశాయందలి గజపతి, రాయగడ జిల్లాలలోను వాడుకలోనున్న యీ భాష తెనుగునకు గాని ఒడియాకు గాని మాండలికము కాదు. 2011లో దీనిని మాతృభాషగా చెప్పినవారు సుమారు 4 లక్షలు. జనసంఖ్య తక్కువైనంతమాత్రమున భాష యాస కాజాలదు.

లిపి మాట కూడ విచారింతము. 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయులుగా వచ్చిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరలతో మెలగి వారి భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. మంగై గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ అను ప్రత్యేకలిపిని కల్పించినది 1936లో. అనగా లిపికి ముందే వ్యాకరణము సిద్ధమైనది. భాష నాలుకపై బ్రతుకును. లిపి దానికి వస్త్రము వంటిది.

ఈ భేద మెఱుగుట పండితులకే గాక మనకును ముఖ్యము. యాస వేఱైన బాలుడు బడిలో నాలుగునాళ్లకు సర్దుకొనును. భాషయే వేఱైన బాలునికి మొదటి పాఠమే గోడ యగును. వానిని మందబుద్ధి యని దండించుట యన్యాయము. భాషావిషయమున అల్పసంఖ్యాకులైనవారి బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. మీ యూరి బడిలో నట్టి బిడ్డ యొక్కడున్నను, వాని యింటిమాట తెలిసినవారొకరు మొదటి తరగతిలో తోడుండునట్లు చూడుడు. తన మాటతో మొదలిడిన బిడ్డ మన మాటను త్వరగా నేర్చుకొనును.