పక్క కయ్యలో ఉప్పు నీళ్లు పెడితే మన వరి ఏమవుతుంది?

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్ వల్ల చేస్తున్నాను. తోటపల్లిగూడూరు మండలం నుంచి ఒక రైతు చేశాడు. ఎకరా ఇరవై సెంట్లు, అంతకు మించి ఆయనకి ఏం లేదు. ఆయన అడిగింది ఆయన మాటల్లోనే చెప్తాను: "అన్నా, మా తూర్పు పక్క కయ్య రొయ్యల గుంట అయిపోయింది. పడమటి పక్కాయన కూడా లీజుకిచ్చేస్తా అంటా ఉండాడు. మధ్యలో నేనొక్కణ్ణే వరి ఏసుకుంటే పండుద్దా? లేదంటే నేను కూడా ఇచ్చేసేదా?"

వేరే జిల్లాల వాళ్ల కోసం ఒక మాట. మా నెల్లూరు పక్క వరి మడిని కయ్య అంటాం, రొయ్యల చెరువుని గుంట అంటాం. ఇక ఆయన ప్రశ్న. ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఎందుకో తెలియకపోతే ఆ మాట ఆయనకి ఉపయోగపడదు. అందుకని ముందు నేల కింద ఏం జరుగుతుందో చూద్దాం. తర్వాత డబ్బు సంగతి. ఆ తర్వాత అసలు ఈ నిర్ణయం ఎవరు తీసుకోవాలి అన్నది.

మాది ఇందుకూరుపేట మండలం, సముద్రానికి దగ్గరి ఊరు. చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను దొరువు కాడికి తీసుకుపోయేది. దొరువంటే బావి కాదు. ఇసుక నేలలో వాలుగా, గరాటు మాదిరిగా తవ్విన పల్లం. కొన్ని అడుగుల్లోనే నీళ్లు పడతాయి. కడవతో ముంచి సరుగుడు నారుకో, కూరగాయ మొక్కలకో పోసేవాళ్లు. నేను కడవ అడుగుదాకా దించితే కేకలేసేది: "పైపైన ముంచు, అడుగు కలబెట్టబాక!"

ఆ మాటలో ఉన్న సైన్సు నాకు చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు. సముద్రం పక్కనే ఉంటే దొరువులో తీపి నీళ్లెలా వచ్చాయి? వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటాయి. మంచి నీళ్లు తేలిక, సముద్రపు నీళ్లు కాస్త బరువు. మంచి నీటి బరువు 1000 అనుకుంటే సముద్రపు నీటిది 1025. తేడా అంతే. ఆ చిన్న తేడా వల్లే ఒక లెక్క పుడుతుంది. సముద్ర మట్టానికి పైన మంచి నీరు ఒక మీటరు ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచి నీరే ఉంటుంది. దీన్ని గైబెన్-హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు.

వినడానికి బాగానే ఉంది కదా. ఇప్పుడు తిరగేసి చూడండి. బోర్లు వేసి తోడి పైన నీటి మట్టాన్ని ఒక్క అడుగు దించితే, లెక్క ప్రకారం కింద ఉప్పు నీరు 40 అడుగులు పైకి రావాలి. ఒక్క రోజులో రాదు, కొంత కాలం పడుతుంది. కానీ వచ్చిందంటే అంత తొందరగా దిగదు. బాపట్లలో ఉప్పు నీటి మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన పథకం వాళ్లు మెరుగుపరిచిన దొరువు కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. లోతుకి పోకుండా, రంధ్రాలున్న గొట్టాలు అడ్డంగా పరిచి, పైపొరలో నీళ్లు మాత్రమే మధ్యలో ఉన్న బావిలోకి రప్పించి తోడతారు. మా నాయనమ్మ చెప్పిందీ అదే, పైపైన ముంచమని.

సరే, గుంట సంగతికి వద్దాం. గుంటలో ఉప్పు పక్క కయ్యలోకి మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది ఊట. గుంటలో నీళ్లు నెలల తరబడి నిలబడి ఉంటాయి, అదీ కయ్య కంటే ఎత్తులో. ఇసుక పాలు ఎక్కువ ఉన్న నేలైతే గట్టు కింద నుంచి తొందరగా ఊరతాయి. బంకమట్టి అయితే నిదానంగా ఊరతాయి. ఊరడం మాత్రం తప్పదు.

రెండోది మురుగు కాలువ. రొయ్య పట్టాక గుంట నీళ్లు ఎక్కడికి వదులుతారు? వరి మురుగు పోయే కాలువలోకే. వానాకాలంలో అయితే కొట్టుకుపోతుంది. ఎండాకాలంలో అదే నీరు వెనక్కి తన్ని, కింది రైతు ఇంజిను పెట్టి తోడుకునే చోటికి చేరుతుంది.

మూడోది బోరు. వేసవిలో గుంటలో ఉప్పు మరీ ఎక్కువైతే కలపడానికి మంచి నీళ్లు కావాలి. బోరు వేస్తారు. తేలుతున్న ఆ తీపి నీటి పొర పలచబడేది ఇక్కడే. ఊళ్లో తాగునీటి బోరు ఉప్పెక్కిందంటే పొలానికి కూడా సూచన వచ్చినట్టే.

వరికి ఉప్పంటే పడదు. మట్టిలో ఉప్పుని ఈసీ అనే కొలతతో చెప్తారు. ఈసీ 3 దాకా వరి తట్టుకుంటుంది. ఆ పైన ఒక్కో అంకెకీ దిగుబడి 12 శాతం చొప్పున పడిపోతుంది. అంటే 7కి వచ్చేసరికి పంట దాదాపు సగం పోయినట్టే. అందులోనూ నారు వయసులో, పూత దశలో మరీ సున్నితం. పిలకలేసేటప్పుడు కాస్త ఓర్చుకుంటుంది. అందుకే చాలామంది మోసపోతారు. మధ్యలో పైరు పచ్చగా కనపడుతుంది, ఎన్నులో చూస్తే తాలు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. తీరప్రాంత ఆక్వా మార్గదర్శకాల ప్రకారం రొయ్యల గుంటకీ పక్క సాగుభూమికీ మధ్య, నేల స్వభావాన్ని బట్టి 50 నుంచి 100 మీటర్ల ఎడం ఉండాలి. చదరంగా ఉన్న ఎకరా పొలం ఒక పక్క ఎంత పొడవుంటుంది? సుమారు 64 మీటర్లు. అంటే చట్టం వదలమన్న ఎడమే ఒక చిన్న రైతు పొలమంత ఉంది! పెద్ద కమతమైతే ఒక అంచు పోతుంది, మధ్యలో మిగులుతుంది. చిన్న రైతుకి మధ్య అనేదే లేదు, పొలమంతా అంచే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, 86 శాతం కమతాలు చిన్న, సన్నకారు రైతులవే. కాబట్టి ఇది ఒక్క తోటపల్లిగూడూరు రైతు కష్టం కాదు.

నేను ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. 1993లో మా నాయన రెండెకరాలు లీజుకిచ్చాడు. అప్పట్లో అందరూ ఇచ్చారు. టైగర్ రొయ్య బంగారంలా అమ్ముడుపోయే రోజులు. వరి మీద వచ్చే కౌలుకీ ఈ లీజుకీ పొంతనే లేదు. రెండు పంటలు తీశారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ తీరమంతా ఊడ్చేసింది. ఆ జబ్బు తగిలితే వారం పది రోజుల్లో గుంట ఖాళీ అవుతుంది. లీజుకి తీసుకున్నాయన వెళ్లిపోయాడు. మాకు మిగిలింది పైమట్టంతా గీకి గట్లు పోసిన నేల, తెల్లగా పొరలు కట్టిన ఉప్పు. గట్లు చదును చేసి, కాలువ నీళ్లు నిలగట్టి వదిలి, మళ్లీ నిలగట్టి, పచ్చిరొట్ట వేసి దున్ని, మామూలు దిగుబడి చూడడానికి ఆరేళ్లు పట్టింది. మాకు సోమశిల నీళ్లు అందాయి కాబట్టి ఆరేళ్లు. అందని వాళ్ల కయ్యలు ఇప్పటికీ తుమ్మ చెట్లే.

అదే కాలంలో రెండు పెద్ద సంగతులు జరిగాయి. 1996 నవంబర్‌లో రోమ్‌లో ప్రపంచ ఆహార సదస్సు జరిగింది. ఆహార భద్రత అంటే ఏంటో అక్కడ దేశాలన్నీ ఒక మాట అనుకున్నాయి. గోదాముల్లో ధాన్యం ఉంటే చాలదు. అందరికీ, అన్ని వేళలా, అందుబాటులో, మంచి తిండి ఉండాలి. సరిగ్గా నెల తిరక్కుండానే, డిసెంబర్ 11న మన సుప్రీంకోర్టు రొయ్యల గుంటల మీద తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసింది తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్. తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతివి కాని గుంటలన్నీ 1997 మార్చి 31లోపు తీసేయాలనీ, సాగుభూముల్ని గుంటలుగా మార్చకూడదనీ కోర్టు చెప్పింది. ఆ తర్వాత రివ్యూ పిటిషన్లు, పార్లమెంటులో బిల్లు, చివరికి 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాయి. గుంటలు పోలేదు, రిజిస్ట్రేషన్, నిబంధనలు వచ్చాయి. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ ఊపందుకుంది.

ఇక్కడ నేను రొయ్యని తిట్టడానికి కూర్చోలేదు. ఆంధ్రా రొయ్యల మీద లక్షల కుటుంబాలు బతుకుతున్నాయి. ఉప్పుటేరు పక్కన, వరి ఎప్పుడూ పండని చౌడులో గుంట వేస్తే అది తెలివైన పనే. నా గొడవంతా తీపి కయ్యల మధ్యలో వేసే గుంట గురించి.

"రేషన్ బియ్యం వస్తున్నాయి కదా, వరి పోతే తిండికేం లోటు?" అని కొందరు అడుగుతారు. నిజమే. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం నుంచి ఈనాటి ఉచిత బియ్యం దాకా, పేదవాడి కడుపుకి అది పెద్ద ఆసరా. కానీ కయ్య ఇచ్చేది బియ్యం ఒక్కటే కాదు. గడ్డి ఇస్తుంది, గడ్డి ఉంటే ఇంట్లో గేదె ఉంటుంది, గేదె ఉంటే పిల్లలకి పాలు. గెనిమ మీద నాలుగు ఆకుకూరలు. నాట్లకీ, కలుపుకీ ఆడవాళ్లకి కూలి. గుంటకి కావలసింది కాపలా మనిషి, మేత వేసే మనిషి, అంతే. లీజు డబ్బు భూమి ఉన్నాయనకి పోతుంది. కౌలు రైతుకీ, నాట్ల కూలికీ ఏం రాదు. బియ్యం ఇంటికొచ్చినా కూరకి, పాలకి, మంచి నీళ్ల క్యానుకి డబ్బు కావాలి. అందుబాటు అంటే అదే.

ఇంకోటి నిలకడ. రొయ్య ధర మన చేతుల్లో లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ మన గుంట గట్టు మీదకే వచ్చింది. పెద్ద రైతు ఒక పంట పోయినా తట్టుకుంటాడు. ఎకరా రైతుకి ఒక్క పంట పోతే అప్పు మిగులుతుంది, కయ్య ఉప్పగా మిగులుతుంది. ప్రపంచంలో రెండు హెక్టార్ల లోపు పొలాలు దాదాపు మూడో వంతు తిండి పండిస్తున్నాయి. ఆ మూడో వంతు ఇలాంటి పొలాల నుంచే వస్తోంది.

మరి ఎక్కడైనా ఆపగలిగారా? బంగ్లాదేశ్‌లో ఖుల్నా జిల్లా ఉంది. అక్కడ కట్టలు కట్టి ఉప్పు నీళ్లు రాకుండా చేసుకున్న ప్రాంతాల్ని పోల్డర్లంటారు. 22వ నంబరు పోల్డర్‌లోకి రొయ్యల కోసం ఉప్పు నీళ్లు తేబోతే, భూమి లేని పేదలు అడ్డం తిరిగారు. 1990 నవంబర్ 7న ముందు నడిచిన కరుణామయి సర్దార్ అనే ఆవిడని చంపేశారు. కానీ ఆ పోల్డర్‌లో ఉప్పు నీళ్లు పెట్టకూడదన్న మాట నిలిచింది. చుట్టుపక్కల రొయ్య వచ్చినా అక్కడ వరి పండింది. ఎందుకు నిలిచింది? ఎవరి పొలానికి వాళ్లు కాకుండా, కట్ట లోపల ఉన్న వాళ్లంతా కలిసి ఒకే మాట మీద ఉన్నారు కాబట్టి. నీళ్లకి మన సర్వే నంబర్లు తెలియవు. నిర్ణయం కూడా నీళ్లు పారినంత మేర ఉన్న వాళ్లంతా కలిసి తీసుకోవాల్సిందే.

ఇప్పుడు ఆ రైతుకి నా సమాధానం. అన్నా, రెండు పక్కలా గుంటలు వస్తే మధ్యలో నీ వరి ఎక్కువ కాలం పండదు. అలాగని రేపే లీజు కాగితం మీద సంతకం పెట్టొద్దు. ముందు పడమటి పక్కాయన ఇంటికి పో. ఆయన పొలం నీ పొలానికి కాపు, నీ పొలం ఆయన వెనక ఉన్న వాళ్లకి కాపు. ఒకే కాలువ కింద ఉన్న పది మందిని కూర్చోబెట్టు. తూర్పు గుంటకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో, ఎడం వదిలారో లేదో కనుక్కోండి. వదలకపోతే పది సంతకాలతో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి అర్జీ పెట్టండి. ఒక్కడి అర్జీ కంటే పది మందిది బరువుంటుంది.

రెండోది, వేసవిలో కోత అయ్యాక మట్టి, నారు పోసే ముందు నీళ్లు పరీక్ష చేయించు. రైతు సేవా కేంద్రంలో అడిగితే ఎలా పంపాలో చెప్తారు. ఆ కాగితాలు దాచుకో. ఉప్పు పెరుగుతోందని రేపు చెప్పాలంటే ఈ రోజు అంకె నీ దగ్గరుండాలి. మచిలీపట్నం పరిశోధన కేంద్రం చౌడుని తట్టుకునే ఎంసీఎం వరి రకాలు తీసింది, అవి వేసి చూడొచ్చు. అయితే అవి కొంత గడువిస్తాయి గానీ గుంటని ఆపవు.

మూడోది, ఏం చేసినా కుదరక లీజుకే ఇవ్వాల్సి వస్తే, పైమట్టి ఎవరు తిరిగి పరచాలి, గట్లు ఎవరు చదును చేయాలి, ఆ ఖర్చుకి ముందే ఎంత పక్కన పెట్టాలి అన్నది కాగితం మీద రాయించుకో. మా నాయన రాయించుకోలేదు. ఆ ఆరేళ్లు మేము కొనుక్కున్న బియ్యమే తిన్నాం.

మీ ఊళ్లో ఇలా కూర్చుని మాట్లాడుకున్నది ఉంటే నాకు చెప్పండి, దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం.