రైలు కూత వింటే గుండెదడా?

2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇలాంటివి చూసినవాళ్లకి దెబ్బలు మానినా, రైలు కూత వింటే ఒళ్లు చల్లబడటం, నిద్రలో ఉలిక్కిపడటం ఏళ్లతరబడి ఉండొచ్చు. ధర్మవరంలో మగ్గం అప్పులకి భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికైనా అంతే. "దిష్టి, తాయెత్తు కట్టించు" అనేస్తారు!

ఇది పిరికితనం కాదు. ప్రమాదం అయిపోయిందని మనసుకి తెలిసినా ఒంటికి తెలియదు. ఊపిరి మెల్లగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. పతంజలి కూడా చిత్తం కుదుటపడటానికి ఊపిరి వదలడాన్నే ఒక ఉపాయంగా చెప్పాడు. 2014లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, ఇలాంటి పాత భయాలున్న 64 మంది మహిళల్లో కొందరు పది వారాలు యోగా చేశారు. వారిలో సగం మంది జబ్బు అనదగ్గ స్థితి నుంచి బయటపడ్డారు.

కళ్లు మూసుకోగానే ఆ దృశ్యమే కనబడుతోందా? బలవంతాన ధ్యానం వద్దు. కళ్లు తెరిచే, పాదాలు నేలకి ఆనించి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు.

చచ్చిపోవాలనిపిస్తే మాత్రం యోగాతో సరిపెట్టుకోకండి. టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో మందులతోపాటు యోగా కూడా ఉంది. హిందూపురం నుంచి రైల్లో రెండు మూడు గంటలే. రైలంటేనే భయమైతే, బస్సులున్నాయిగా!