నాణెముల సేకరణ పూర్తియగుట యెప్పుడు?

మన గుంటూరు, ప్రకాశము సీమలలో పాతపెట్టె అడుగున నాలుగు నాణెములైన లేని యిల్లు అరుదు. చిల్లుకాణి యొకటి, బేడ యొకటి, విక్టోరియా రాణి బొమ్మగల రూపాయి యొకటి, పత్తి అమ్మిన సొమ్ములోనో మిరపబస్తాల లెక్కలోనో మిగిలిపోయిన నయాపైసలు కొన్ని అందుండును. ఇంటిలోని పిల్లవాడెవడో ఒకనాడు వానిని బల్లపై వరుసగా పేర్చి, లేనివాటికై వెదకుట మొదలుపెట్టును. చిల్లర సేకరణగా మారునది అప్పుడే. మారిన మరునాడే ఇంటిల్లిపాదికిని ఒక ప్రశ్న ఎదురగును: ఇది ఎప్పటికి పూర్తియగును?

ప్రశ్న చూచుటకు పొద్దుపుచ్చు వ్యవహారము వలె తోచును. కాని దానికి మనము చెప్పుకొను సమాధానమునుబట్టి కొన్ని నాణెములు నిలుచును, కొన్ని చెడును. నేలలో రెండువేల యేండ్లు భద్రముగా నున్న చరిత్ర ఒక్కపూటలో చెదరిపోవుటయు కలదు. అందుచే దీనిని కొంత నిదానముగా పరిశీలింపదలచితిమి.

ముందుగా సులభమైన దానిని చూతము. 1950 ఆగస్టు 15న భారత గణతంత్రము తన తొలి నాణెములను విడుదల చేసినది. కాణి, అర్ధణా, అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి, ఇవి మొత్తము ఏడు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలులోనికి వచ్చి, పదునారణాల రూపాయి నూరు నయాపైసల రూపాయి అయినది. ఆ వరుసలో ఒకటి, రెండు, అయిదు, పది, ఇరువదియైదు, ఏబది నయాపైసలు, రూపాయి, ఇవియు ఏడే. 1964 జూన్ 1 నుండి 'నయా' యను మాట తొలగిపోయి పైసా మిగిలినది. ఏడేసి గడులు గల రెండు అట్టలు చేసికొని వీనిని కూర్చుట పిల్లలకు సయితము అసాధ్యము కాదు.

అయితే ఇక్కడనే మొదటి చిక్కు కలదు. ఏడు నాణెములును 1957 సంవత్సరమువే కావలెనని పట్టుపట్టినవాడు అయిదు గడులు నింపి, మిగిలిన రెంటికై ఏండ్లతరబడి వెదకినను అవి దొరకవు. ఏబది నయాపైసల నాణెము 1960లోను, దశాంశపు రూపాయి 1962లోను గాని టంకసాల నుండి వెలువడలేదు. ఆ రెండు గడులు ఖాళీగా నుండుట సేకరణలోని లోపము కాదు. లోపము గడులు గీయుటలో నున్నది. కనుక దొరకనిదేదో విచారించుటకు ముందు, ముద్రింపబడినదేదో తెలిసికొనవలెను.

రెండవ చిక్కు గిరి పెరుగుచుండుట. ఏడు నాణెములు చేకూరిన పిమ్మట, ప్రతి సంవత్సరపు నాణెము నొక్కొక్కటి ఉంచుకొన్న బాగుండునని తోచును. అవి నిండులోపల టంకసాలల గుర్తులు కంటబడును. సంవత్సరపు అంకెకు దిగువను వజ్రాకారపు గుర్తున్నచో అది బొంబాయి నాణెము, నక్షత్రమున్నచో హైదరాబాదుది, చుక్కయున్నచో నోయిడాది. ఏ గుర్తును లేకపోవుటయే కలకత్తా గుర్తు. ఇట్లు ఏడు గడులు డెబ్బదియగును, డెబ్బది కొన్ని వందలగును. ఆపైన అచ్చులోని సన్నని భేదములను గమనించువారికి అంతు లేదు. వీరిలో ఎవరి పద్ధతియు తప్పు కాదు. అయితే గిరిని ముందు గీసికొనినవాడు మాత్రమే 'పూర్తియైనది' యనగలడు. నడుమ నడుమ దానిని జరుపుకొనుచు పోవువానికి ఆ మాట దక్కదు.

కొన్ని వరుసలకు కాలమే గిరి గీసిపెట్టినది. పావలాయు, అంతకు తక్కువైన నాణెములును 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగినవి. వానికి మొదలును తుదియు కలవు గనుక పూర్తిచేయుట సాధ్యము. రూపాయియు, అంతకు పైబడిన నాణెములును నేటికిని ముద్రింపబడుచున్నవి. వానిని కూర్చువారు 'ఈ సంవత్సరము వరకు' అని తామే ఒక హద్దు నిర్ణయించుకొనవలెను.

చివరి గడి విషయమున ఒక హెచ్చరిక అవసరము. అన్నియు నిండి ఒక్కటి మిగిలినప్పుడు మనిషికి విచక్షణ తగ్గును. ఆరవ జార్జి బొమ్మగల 1939 నాటి వెండి రూపాయి మిక్కిలి అరుదైనది. దాని పేరిట నకిలీలు చాల కాలముగా తిరుగుచున్నవి. ఆ యొక్క గడికై వేలకు వేలు పోసి నకిలీని కొనుటకంటె, గడిని ఖాళీగా నుంచి, 'ఇది లభింపలేదు' అని వ్రాసికొనుట నిజమైన సేకరణకు శోభ. అట్లే పాతనాణెము మెరయవలెనని చింతపండుతో తోముట తగదు. మెరుపుతోపాటు అక్షరములును అరిగిపోవును.

ఇంతవరకు చెప్పినది జాబితా యున్న నాణెముల మాట. ఏ సంవత్సరమున ఏది ముద్రించిరో ప్రభుత్వమువద్ద లెక్క కలదు. మన నేలలో దొరకు ప్రాచీన నాణెములకు అట్టి లెక్క లేదు. ఇప్పుడు పల్నాడు జిల్లాలో చేరిన అమరావతినే ఉదాహరణముగా తీసికొందము. అచ్చట దొరకిన విద్ధాంక నాణెముల నిధిలో 7,668 వెండి నాణెములు కలవు. పరమేశ్వరీలాల్ గుప్త వానిని పరిశీలించి వ్రాసిన గ్రంథమును 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించినది. కార్షాపణములనబడు ఈ నాణెములపై రాజు పేరు లేదు, సంవత్సరము లేదు. తూచి కత్తిరించిన వెండిరేకుపై సాధారణముగా అయిదు చిహ్నములను విడివిడిగా కొట్టియుందురు. వానిలో సూర్యుడు, ఆరు చేతుల చక్రము తరచుగా కనబడును. మిగిలిన చిహ్నములు మారుచుండును. ఏయే చిహ్నములు కలసి వచ్చుచున్నవో చూచి రకములను విడదీయవలెను.

అనగా ఇచ్చట జాబితా ముందు పుట్టి నాణెములు వెనుక రాలేదు; నాణెములనుండియే జాబితా పుట్టినది. గుప్తయు, టెరీ హార్డేకరును కలసి మగధ, మౌర్య వరుసల రకములకు 1985లో ఒక పట్టికను కూర్చిరి. హార్డేకరు 2014లో దానిని సవరించి మరల ప్రకటించెను. క్రొత్త నిధి వెలువడినప్పుడెల్ల పట్టిక పెరుగుటకు అవకాశము కలదు. నేడు పూర్తియైనదనుకొనిన సేకరణ రేపు అసంపూర్ణము కావచ్చును.

రాజుల పేర్లున్న నాణెముల సంగతియు ఇంతే. శాతవాహన రాజుల పేర్లు పురాణములలో కలవు గాని, ఆ జాబితాలు ఒకదానితో నొకటి ఏకీభవింపవు. 1939లో విదర్భలోని తర్హాళ గ్రామమున దాదాపు 1,600 శాతవాహన నాణెములు దొరకినవి. వి.వి. మిరాశి పండితుడు వానిని చదివి చూడగా, కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి యను పేర్లు బయటపడినవి. ఇవి పురాణముల పట్టికలో లేనివి. పిమ్మట గోదావరి యొడ్డున కోటిలింగాలలో సిముకుని నాణెములతోపాటు గోబద, నారన, కంవాయ, సమగోప యను పూర్వపాలకుల నాణెములును లభించినవి. పురాణములను చేతబట్టుకొని ఒక్కొక్క రాజునకు ఒక్కొక్క నాణెము చొప్పున గడులు గీసికొనినవాడు ఈ రాజుల కెచ్చట చోటు చూపగలడు?

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. సేకరించువాడు ప్రతి రకములోను ఒక్క నాణెమును కోరును. రెండవది అతనికి అదనము. నిధి మాట ఇందుకు విరుద్ధము. దాని విలువ ఆ అదనపు నాణెములలోనే యున్నది. గణితశాస్త్రజ్ఞుడైన దామోదర ధర్మానంద కోశాంబి 1940 ప్రాంతమున తక్షశిల నిధులలోని విద్ధాంక నాణెములను ఒక్కొక్కటిగా తూచెను. చేతులు మారినకొలది వెండి అరుగును. ఒకే నిధిలో ఒక రకపు నాణెముల సగటు బరువు తగ్గియున్నచో, ఆ రకము ఎక్కువ కాలము చెలామణి యైనదని ఊహింపవచ్చును. పేరును తేదీయు లేని నాణెములలో ఏది ముందుదో, ఏది వెనుకటిదో ఇట్లు కొంత తేలినది. ఒకే రకమువి పెక్కు నాణెములు ఒక్కచోట లేనిదే సగటు అను మాటయే లేదు.

మన వినుకొండలో 1889లో దొరకిన రోమను బంగారు నాణెములును ఇట్టి పాఠమునే చెప్పుచున్నవి. వానిలో తిబెరియస్ చక్రవర్తి మొదలు కరకల్లా వరకు నాణెములు కలవు. తిబెరియస్ క్రీ.శ. 37లోను, కరకల్లా 217లోను మరణించిరి. నిధిని పాతిపెట్టిన కాలము అందలి కడపటి నాణెమునకు ముందుది కానేరదు. ఆ యొక్క కరకల్లా నాణెమును ఎవరైన ముందే వేరుచేసి అమ్ముకొనియున్నచో, ఆ నిధి ఎంతో ముందటి కాలపుదని మనము పొరబడియుందుము.

అందుచే పొలము దున్నునప్పుడో, ఇంటికి పునాదులు త్రవ్వునప్పుడో ముంత బయటపడినచో, అది అప్పటికే పూర్తియైన సేకరణయని గ్రహింపవలెను. దానిని పూర్తిచేయుటకు మనము చేయదగినది లేదు; చెరుపుట మాత్రము మన చేతిలో నున్నది. అన్నదమ్ములు పంచుకొనినను, కంసాలి మూసలో కరిగినను, వ్యాపారి విడివిడిగా అమ్మినను ఫలమొక్కటే. నూరుగురి అట్టలలో నూరు గడులు నిండును. ఒక గ్రామపు చరిత్ర మాత్రము ఖాళీయగును.

చట్టమును ఈ విషయమున స్పష్టముగా నున్నది. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవారు కలెక్టరునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. తెలిపినవారి హక్కును చట్టము గుర్తించును. దాచినవారు తమ వాటాను పోగొట్టుకొని శిక్షకును పాత్రులగుదురు. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లకు తక్కువకాని నాణెము పురావస్తువు. కేంద్రప్రభుత్వముగాని, అది అధికారమిచ్చిన సంస్థగాని తప్ప ఇతరులు దానిని విదేశములకు పంపరాదు.

ఇంటిలో నాణెములు కూర్చువారికి మేము సూచించునది స్వల్పము. ఒక నోటుపుస్తకము తెరచి, మొదటి పుటలో మీ గిరి యెంతవరకో వ్రాసికొనుడు: '1950 నుండి వచ్చిన అణాల వరుస' అనియో, 'మా తాతగారి కాలమున మా యింట చెలామణియైన నాణెములు' అనియో. ఈ రెండవది చిన్నదైనను మిక్కిలి విలువైనది. ఏలయన దానిని మీరు తప్ప మరెవ్వరును పూర్తిచేయలేరు. పిదప ప్రతి నాణెమునకును ఎదురుగా, ఎచ్చట, ఎప్పుడు, ఎవరివలన, వేటితో కలసి వచ్చినదో రెండు పంక్తులు వ్రాయుడు. గడులన్నియు నిండి, ఈ పంక్తులన్నియు వ్రాసి ముగించిన నాడు మీ సేకరణ పూర్తియైనట్లే. ఇంట పెద్దవారున్నచో ఆ వ్రాతను నేడే మొదలుపెట్టుట మంచిది. నాణెములను తరువాతనైనను వెదకికొనవచ్చును. వాని కథ తెలిసినవారు ఎల్లకాలము మన యెదుట నుండరు.