మనిషి లేని వేళ తాళంచెవి



2018 జనవరి 1న వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలు కాకముందు, మా ఊళ్లో బావుల మోటార్లకు ఏ అర్ధరాత్రో కరెంటు వచ్చేది. రోజూ నిద్ర లేచి పోలేక నాన్న ఆటో స్టార్టరు పెట్టించాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేది. కంప్యూటర్లలో కూడా అటువంటి ఏర్పాటు ఉన్నది. దాన్ని క్రాన్ అంటారు. ఫలానా గంటకు ఫలానా పని అని రాసిపెడితే చాలు, చేస్తుంది. అయితే మోటారు పాస్‌వర్డు అడగదు, డేటాబేసు అడుగుతుంది. రాత్రి రెండు గంటలకు జవాబు చెప్పేదెవరు?

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూర్‌లోనే, ఒక చిన్న కంపెనీలో గత వేసవిలో శిక్షణకు వెళ్లాను. మైఎస్‌క్యూఎల్ డేటాబేసుకు రోజూ రాత్రి నకలు తీసే పని నాకిచ్చారు. స్క్రిప్టులోనే పాస్‌వర్డు రాసేశాను. పక్క సీటులోని సీనియర్ అక్క తన లాగిన్ నుంచే ఆ ఫైలు తెరిచి, పాస్‌వర్డు పైకి చదివి, "తమ్ముడూ, ఇది నాకెందుకు కనబడాలె?" అన్నది. నాకు నోట మాట రాలేదు. అందులో ఉన్నవి ఎవరెవరివో పేర్లు, ఫోను నంబర్లు. మా నాన్న వివరాలు కూడా ఎక్కడో ఇలాంటి చోటనే ఉంటాయి గదా!

ఆమె చెప్పిన సంగతులివి. పాస్‌వర్డును కమాండు లైనులో ఇస్తే అది హిస్టరీలో మిగులుతుంది. నడుస్తున్న పనుల పట్టికలో క్షణకాలమైనా ఇతరులకు కనిపించవచ్చు. స్క్రిప్టులో రాస్తే, స్క్రిప్టు ఎక్కడికి పోతే పాస్‌వర్డూ అక్కడికి పోతుంది. 2016లో ఉబర్ ఇంజనీర్ల కోడులో దొరికిన తాళంచెవులతోనే దొంగలు 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు ఎత్తుకుపోయారు.

కనుక పాస్‌వర్డును వేరే ఫైలులో పెట్టి, యజమాని తప్ప ఎవరూ చదవకుండా 600 అనుమతి ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్ ఈ విషయంలో కచ్చితమైనది. యూనిక్సు యంత్రాలపై దాని పీజీపాస్ ఫైలును ఇతరులు చదవగలిగితే, అసలా ఫైలునే పట్టించుకోదు. మైఎస్‌క్యూఎల్‌కు అంత పట్టింపు లేదు, మనమే చూసుకోవాలి. దాని కాన్ఫిగ్ ఎడిటరు పాస్‌వర్డును అర్థంకాని రూపంలో దాస్తుంది గాని, తెలిసినవాడు విప్పగలడు. పొరబాటున కంటబడకుండా ఉండటానికే అది.

డేటాబేసు అదే యంత్రంపై ఉంటే ఇంకా మేలు. లినక్సులో లాగిన్ అయిన పేరునే గుర్తింపుగా ఒప్పుకునే పద్ధతి రెండింటిలోనూ ఉన్నది. అప్పుడు పాస్‌వర్డే అక్కరలేదు.

ఎంత దాచినా రూటు అధికారం ఉన్నవాడు చదవగలడు. అందుకని నకలు పనికి వేరే యూజరును పెట్టి, చదివే హక్కు మాత్రమే ఇవ్వాలి. అప్పుడు ఆ తాళంచెవి పోయినా రాసింది చెరపలేరు. తీసిన నకలునూ అంతే భద్రంగా ఉంచాలి. సమాచారమంతా అందులోనే ఉంటుంది మరి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన జాగ్రత్త తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా నిర్ణయించింది.

రేపు మనలో చాలామంది ఆ కారిడారులోనే ఉద్యోగాలకు పోతాం. మన ల్యాబు ప్రాజెక్టుల్లో పాస్‌వర్డు ఎక్కడ రాసి ఉందో ఈ రోజే ఒకసారి తెరిచి చూసుకుందాం.