నోరు తెరవండి... నాలుక చాపండి!

రేపు ఆపరేషన్. సాయంత్రం వార్డుకొచ్చిన మత్తు డాక్టరు పేషెంటును నిటారుగా కూర్చోబెట్టి, తానూ ఎదురుగా కూర్చుంటారు. నోరు పూర్తిగా తెరిచి, నాలుక వీలైనంత బయటికి చాపమంటారు. ‘ఆ’ అని మాత్రం అనొద్దంటారు, అంటే అంగిలి పైకి లేచి అంచనా తప్పుతుంది. కొన్ని క్షణాలు చూసి కేస్‌షీట్‌లో ‘మల్లంపాటి 2’ అనో, ‘3’ అనో రాసుకుంటారు. ప్రపంచమంతటా మత్తు వైద్యులు రోజూ రాసే ఆ పేరు ఓ తెలుగు ఇంటిపేరు.

గుంటూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో పనిచేశారు. నాలుక మొదలు మరీ పెద్దదైతే దాని వెనకున్న స్వరపేటిక కనిపించదని, అలాంటివారికి ఊపిరి అందించేందుకు శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం కష్టమవుతుందని 1983లో ప్రతిపాదించారు. 210 మందిని పరీక్షించి 1985లో ఫలితాలు ప్రకటించారు. కొండనాలుక, దానికి అటూఇటూ ఉన్న మడతలు, మెత్తటి అంగిలి అన్నీ కనిపిస్తే ఒకటో తరగతి. అంగిలి తప్ప ఏమీ కనిపించకపోతే మూడు. నాలుగో తరగతిని 1987లో సామ్‌సూన్, యంగ్ చేర్చారు.

ఇంత జాగ్రత్త ఎందుకు?

మత్తుతోపాటు కండరాలను సడలించే మందు ఎక్కగానే ఊపిరి ఆగుతుంది, నాలుక వెనక్కి జారుతుంది. ఇక ఆక్సిజన్ అందించే బాధ్యత డాక్టరుదే. అందుకే ముందుగా మూడు నిమిషాలు మాస్కు బిగించి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఆరోగ్యవంతులకు అది దాదాపు ఎనిమిది నిమిషాల వ్యవధినిస్తుంది. స్థూలకాయులకు, గర్భిణులకు, పసిపిల్లలకు అంత సమయం ఉండదు.

నోటితోపాటు మెడ ఎంత వెనక్కి వంగుతుందో, దవడ ఎంత తెరుచుకుంటుందో, గడ్డానికీ గొంతుముడికీ మధ్య దూరం ఎంతో కూడా చూస్తారు. అయినా ఏ పరీక్షా పూర్తి భరోసా ఇవ్వదు. డెన్మార్క్‌లో 1,88,064 మంది రికార్డులు పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ట్యూబు వేయడం కష్టమైన కేసుల్లో 93 శాతం ముందుగా ఊహించనివే.

2005 మార్చిలో ఇంగ్లండ్‌లో ఎలెయిన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల మహిళ సైనస్ ఆపరేషన్‌కు వెళ్లారు. మత్తిచ్చాక ఊపిరి అందించడం అసాధ్యమైంది. గొంతుకు రంధ్రం చేసే సామగ్రిని నర్సు తెచ్చిపెట్టారు. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా, అనుభవజ్ఞులైన డాక్టర్లు ట్యూబు వేసే ప్రయత్నంలోనే ఉండిపోయారు. ఆమె కోలుకోలేదు. పైలట్ అయిన ఆమె భర్త మార్టిన్ ఎవరినీ నిందించలేదు. విమానాల్లో సిబ్బందికి ఇచ్చేలాంటి శిక్షణ ఆపరేషన్ థియేటర్లకూ రావాలని పోరాడి, 2007లో అందుకోసం ఓ సంస్థనే స్థాపించారు.

ఇలాంటి సందర్భాలకు బ్రిటన్ వైద్యుల 2015 మార్గదర్శకాలు మెట్ల వారీగా దారి చూపాయి. ట్యూబు ప్రయత్నాలు మూడింటికి మించకూడదు. ఇంకా అనుభవమున్న వైద్యుడు వస్తే మరొక్కటి. కుదరకపోతే స్వరపేటిక మీద ఒదిగే మాస్కు పెట్టాలి. దీన్ని 1981లో ఆర్చీ బ్రెయిన్ రూపొందించారు. అదీ ఫలించకపోతే మళ్లీ ముఖం మాస్కు. అప్పటికీ ఆక్సిజన్ అందకపోతే, గొంతుముడి కింద వేలికి తగిలే పల్చటి పొర దగ్గర బ్లేడుతో దారి తెరవాలి. మన దేశంలోనూ 2016లో నిపుణుల సంఘం ఇలాంటి నియమాలు ప్రకటించింది. తర్వాతి మెట్టేమిటో మత్తివ్వకముందే టీమ్ మొత్తానికీ గట్టిగా చెప్పుకోవాలి. ఎలెయిన్‌కు కరవైంది అదే.

పేషెంట్ల పాత్రా తక్కువేం కాదు. ఆపరేషన్‌కు ముందు ఆరు గంటలు భోజనం, రెండు గంటలు మంచినీళ్లు మానాలన్నది చాదస్తం కాదు. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లడమే, 2011లో వెలువడిన బ్రిటన్ జాతీయ అధ్యయనంలో మత్తు సమయంలోని శ్వాసమార్గ మరణాలకు ప్రధాన కారణంగా తేలింది. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు, గురక, మెడనొప్పి, ఏదీ దాచొద్దు. గతంలో ట్యూబు కష్టమైందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ కాగితాన్ని ఫైల్లో పైనే పెట్టాలి. అప్పుడు ఏ పద్ధతి పనిచేసిందో తెలిస్తే, ఈసారి డాక్టరు దానితోనే మొదలుపెట్టగలరు.