ఇప్పుడు నువ్వేం చేస్తావు?

కొన్నేళ్ళ క్రితం, జనవరి నెలలో ఒక శనివారం సాయంత్రం, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఒక ఆట నేర్పబోయాను. బయట మోకాలి లోతు మంచు. లోపల వేడి పకోడీలు, బల్ల మీద రంగురంగుల పాచికలు. అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని, పుస్తకం తెరిచి, నలభై అయిదు నిమిషాల పాటు నియమాలు చెప్పాను.

నా కూతురూ, దాని స్నేహితులు ఇద్దరూ ఇదివరకు ఆడినవాళ్ళే కాబట్టి ఓపిక పట్టారు. మిగిలిన ముగ్గురూ ముందు పకోడీల వైపు, తరవాత గడియారం వైపు చూడటం మొదలెట్టారు. ఆ ముగ్గురిలో ఒక కుర్రాడు ఆ ఏడే హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడి బళ్ళో ఏడో తరగతిలో చేరాడు. రెండున్నర గంటల్లో వాడు నోరు విప్పింది ఒక్కసారే, వెళ్ళిపోయేటప్పుడు “థాంక్యూ అంకుల్” అనడానికి. మరుసటి శనివారం రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళమ్మ, “హోంవర్కు ఉందిట అన్నయ్యగారూ” అంది. అలాంటి మాటకి అర్థం ఏమిటో మనందరికీ తెలుసు.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. పిల్లలు ముద్దుగా డి అండ్ డి అంటారు. దీన్ని కొత్తవాళ్ళకి ఎలా పరిచయం చెయ్యాలో, ఎలా చెయ్యకూడదో నేను నేర్చుకున్నంతవరకూ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంతకీ ఏమిటీ ఆట?

మనకి తెలిసిన వైకుంఠపాళిలో పందెం ఎంత పడితే అంత జరగాలి. పాము నోట్లో పడితే కిందికి, నిచ్చెన దొరికితే పైకి. ఆడేవాడి ఇష్టాయిష్టాలతో పని లేదు. అష్టాచెమ్మాలో ఏ కాయ జరపాలో ఎంచుకునే స్వేచ్ఛ కొంత ఉంది కానీ, గళ్ళు దాటి పోలేం. డి అండ్ డిలో అసలు గళ్ళే అక్కర్లేదు. బల్ల దగ్గర ఒకరు సూత్రధారి. మిగతావాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర: ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె, మరొకడు చేతివాటం ఉన్న దొంగ. సూత్రధారి ఒక సన్నివేశం వర్ణించి, చివర్న ఒక ప్రశ్న వేస్తాడు: “ఇప్పుడు నువ్వేం చేస్తావు?” దానికి పిల్లలు ఏ జవాబైనా చెప్పొచ్చు. ఆ జవాబు మీదే కథ ముందుకి నడుస్తుంది.

చందమామలో బేతాళ కథలు చదువుకున్న మనకి ఇది కొత్తేమీ కాదు. బేతాళుడు కథంతా చెప్పి, చివర్న విక్రమార్కుణ్ణి ప్రశ్న అడిగేవాడు. ఇక్కడ తేడా ఒక్కటే, ప్రశ్న కథ చివర్న కాదు, రెండేసి నిమిషాలకి ఒకసారి వస్తుంది. సూత్రధారి పని మాత్రం బేతాళుడి కంటే అవధాని పనికి దగ్గర. చుట్టూ కూర్చున్న పృచ్ఛకులు ఎటునుంచి ఏం అడిగినా తడుముకోకుండా అందుకోవాలి. అప్రస్తుత ప్రసంగానికైతే లోటే ఉండదు!

దీన్ని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి, మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి వెయ్యి ప్రతులు అమ్మకానికి పెట్టారు. ఖరీదు పది డాలర్లు. ఇవాళ 2024లో వచ్చిన కూర్పులో ఆటగాళ్ళ పుస్తకం ఒక్కటే 384 పేజీలు. దాన్ని పిల్లలకి నలభై అయిదు నిమిషాల్లో చెప్పెయ్యాలనుకున్న నా తెలివికి మీరు నవ్వుకోవచ్చు.

మనవాళ్ళ భయాలు

ఈ ఆట పేరెత్తితే మనలో కొందరు, “అదేదో పిచ్చెక్కించే ఆటట కదా” అంటారు. ఆ మాట పుట్టింది మన మిచిగన్‌లోనే అని చాలామందికి తెలియదు. 1979 ఆగస్టులో, ఈస్ట్ లాన్సింగ్‌లోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్న పదహారేళ్ళ విద్యార్థి ఒకడు కనిపించకుండా పోయాడు. వెతకడానికి వచ్చిన ప్రైవేటు డిటెక్టివు, యూనివర్సిటీ కింద ఉన్న ఆవిరి గొట్టాల సొరంగాల్లో డి అండ్ డి ఆడుతూ తప్పిపోయి ఉంటాడేమో అన్నాడు. పత్రికలు దాన్ని దేశమంతా మోగించాయి. 1982లో ఆ పుకారు ఛాయలతో ‘మేజెస్ అండ్ మాన్‌స్టర్స్’ అనే టీవీ సినిమా కూడా వచ్చింది. అప్పటికి ఇంకా కుర్రాడైన టామ్ హాంక్స్ అందులో నటించాడు.

నిజం వేరు. ఆ పిల్లవాడు తోటివాళ్ళ కంటే ముందే కాలేజీలో చేరిన మేధావి. వయసుకి మించిన చదువు, దాని ఒత్తిడి, ఒంటరితనం, మనోవ్యాధి. ప్రాణం తీసుకోవాలనే సొరంగంలోకి వెళ్ళాడు. అప్పటికి బతికి బయటపడ్డా, మరుసటి ఏడాది ఆ ప్రయత్నంతోనే పోయాడు. దీనికీ ఆటకీ సంబంధం లేదని ఆ డిటెక్టివే 1984లో రాసిన పుస్తకంలో వివరించాడు. తరగతులు దాటించి పిల్లల్ని ముందుకి తోసే మన ఇళ్ళకి ఇందులో గుర్తుపెట్టుకోవలసింది ఆట కాదు, ఆ ఒంటరితనం. నలుగురు పిల్లలు ఒక బల్ల చుట్టూ చేరి, తెర చూడకుండా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ రెండు గంటలు మాట్లాడుకునే ఆట దానికి మందు కాకపోవచ్చు గానీ, కారణం మాత్రం కాదు.

రెండో ప్రయత్నం

నెల తరవాత మా అమ్మాయి ఆ కుర్రాణ్ణి బస్సులో అడిగి మళ్ళీ తీసుకొచ్చింది. ఈసారి నేను పుస్తకం మేడ మీదే వదిలేశాను.

మొదటి మార్పు: పాత్రని ముందే తయారుచేసి ఇచ్చాను. కొత్తవాడి చేత మొదటిరోజే పాత్రని తయారుచేయించడం అంటే, అతిథి రాగానే చేతికి ఫారం ఇచ్చి నింపమన్నట్టే. 2014లో వచ్చిన స్టార్టర్ సెట్‌లో ఇలాంటి తయారైన పాత్రలు అయిదు ఉండేవి. నేను ఒక్కో పాత్రని ఒక్కో కాగితం మీద రెండేసి వాక్యాల్లో రాసి, “నీకేది నచ్చింది?” అని మాత్రం అడిగాను.

రెండోది: కథతో మొదలెట్టాను. “చీకటి పడుతోంది. పాడుబడ్డ కోటకి వెళ్ళే దారిలో ఒక వాగు. దాని మీద రాతి వంతెన. వంతెన మధ్యలో తాటిచెట్టంత రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు మీరేం చేస్తారు?” పాతవాళ్ళు ముగ్గురూ వెంటనే కత్తులు దూశారు. నేను చెయ్యి ఎత్తి ఆపి, కుర్రాడి వైపు తిరిగాను. వాడు కాసేపు తటపటాయించి, “అంకుల్, తెలుగులో చెప్పొచ్చా?” అన్నాడు. చెప్పమన్నాను.

“ఆ వాగులో నీళ్ళెంత లోతు?”

నేను ఆలోచించలేదు. “మోకాలి దాకా” అనేశాను.

“అయితే వంతెన మీదెందుకు వెళ్ళడం?”

బల్లంతా ఘొల్లుమంది. తెలుగు సరిగా రాని ఇద్దరు పిల్లలు “వాట్, వాట్?” అని మా అమ్మాయిని పీకేస్తే అది అనువదించింది. మూడేళ్ళుగా ఆడుతున్నవాళ్ళకి వంతెన మీద రాక్షసుడు కనిపిస్తే కొట్టాలనే తెలుసు. ఆ అలవాటు లేనివాడికి వాగు కనిపించింది. కొత్త ఆటగాడు మన బల్లకి తెచ్చే కానుక అదే. నియమాలన్నీ ముందే నూరిపోస్తే ఆ కానుకని మన చేతులతోనే పారేసుకుంటాం.

మూడోది: అవసరం వచ్చినప్పుడే, ఒక్కసారికి ఒక్క నియమం. వాగు దాటుతుంటే రాక్షసుడికి చప్పుడు వినపడుతుందా? అప్పుడు పాచిక తీశాను. ఈ ఆటకి మూలసూత్రం ఒక్కటే. ఫలితం అనుమానంగా ఉన్నప్పుడు ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి, పాత్రకి ఆ పనిలో ఉన్న నేర్పుని కలపాలి, సూత్రధారి అనుకున్న సంఖ్యని అందుకుంటే పని జరిగినట్టు. తేలిక పనికి 10, మధ్యరకానికి 15, కష్టమైనదానికి 20. కుర్రాడి పాత్రకి నక్కి నడవడంలో 3 కలుస్తుంది, లక్ష్యం 15. అంటే పాచిక మీద 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. ఇరవై ముఖాల్లో అవి తొమ్మిది, అంటే నూటికి 45 పాళ్ళు అవకాశం.

ఒక స్నేహితుడు సాయం చేస్తే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. రెండుసార్లూ తప్పే అవకాశం 0.55 ఇంటూ 0.55, అంటే సుమారు 0.30. కాబట్టి గెలిచే అవకాశం 70కి పెరుగుతుంది. ఈ లెక్కని పిల్లలు కాగితం మీద వాళ్ళే వేసుకున్నారు. తోడుంటే పని సులువవుతుందని మనం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఇలా ఎక్కింది.

నాలుగోది: పందెం ఓడినా కథ ఆగకూడదు. తాళం తీయబోయి పాచిక తప్పిందనుకోండి. “తలుపు రాలేదు” అంటే కొత్తవాడు చిన్నబుచ్చుకుంటాడు, అందరూ దిక్కులు చూస్తారు. “తలుపు తెరుచుకుంది కానీ, కీచుమన్న చప్పుడుకి లోపల ఎవరో లేచారు” అంటే అందరూ ముందుకి వంగుతారు.

అయిదోది: పాతవాళ్ళని అదుపులో పెట్టడం. వాళ్ళకి చెడ్డ ఉద్దేశం ఉండదు. కొత్తవాడికి సాయం చేస్తున్నామనుకుని, “నువ్వు ఇది చెయ్యి, అది చెయ్యకు” అంటూ వాడి ఆట వీళ్ళే ఆడేస్తారు. చదరంగం ఆడుతుంటే వెనక నిలబడి చెప్పే మావయ్యల్లాగ! నేను పెట్టిన కట్టుబాటు ఒక్కటే. అడిగితేనే సలహా. వరస తప్పకుండా బల్ల చుట్టూ తిరిగి ప్రతివాళ్ళనీ పేరు పెట్టి అడుగుతాను. జవాబు తోచక తికమకపడితే రెండు మూడు దారులు చూపించి, “ఇవి కాక నీకింకేమైనా తోచినా సరే” అంటాను. ఆ తరవాత నోరు మూసుకుని పది లెక్కపెడతాను. ఆ పది లెక్కపెట్టడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

ఇంకో మాట. భయపెట్టే సన్నివేశాలు అందరు పిల్లలకీ పడవు. బల్ల మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కార్డు ఒకటి పెడతాం. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే, కారణం అడక్కుండా ఆ విషయం వదిలేసి ముందుకి వెళ్ళిపోతాం. దాదాపు ఎవరూ ముట్టుకోరు. కానీ ఉందన్న ధైర్యం వేరు. రెండు గంటలు దాటనివ్వను. పిల్లలు “ఇంకొంచెంసేపు” అంటుండగానే ఆపాలి.

ఖర్చు సంగతి

మొదలెట్టడానికి పెద్దగా కొనాల్సింది లేదు. మూల నియమాలు ఉచితంగానే దొరుకుతాయి. 2023 జనవరిలో ప్రచురణకర్తలు వాటిని ఎవరైనా వాడుకునేలా, తిరగరాసుకునేలా స్వేచ్ఛగా విడుదల చేశారు కూడా. అంటే కావాలంటే తెలుగులోనూ రాసుకోవచ్చు. ఏడు పాచికల సెట్టు ఒకటి, పెన్సిళ్ళు, కాగితాలు చాలు. 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు, పది ముఖాలది రెండు ఉంటాయి. ఇంట్లో చోటు లేకపోతే 12 మైల్ రోడ్డు మీదున్న మన లైబ్రరీలో అడిగి చూడండి. కథకి విలాయతీ కోటలే అక్కర్లేదు. మర్రిచెట్టు, చెరువుగట్టు, అర్ధరాత్రి సంతా ఉన్నా నడుస్తుంది. మేం కొన్ని నెలల తరవాత వాటిలోకే మారాం. ఆ కథల కోసమే మా అమ్మాయి వాళ్ళ తాతగారికి ఫోన్ చేసి, చెరువు తూము అంటే ఏమిటో, దాన్ని ఎలా తెరుస్తారో అరగంట సేపు అడిగింది. అంతకు ముందు వాళ్ళిద్దరి ఫోన్ సంభాషణ “బావున్నావా”, “బావున్నాను”లతో అయిపోయేది.

చివరిగా తల్లిదండ్రులకి ఒక మనవి. పిల్లల్ని దింపి వెళ్ళిపోకండి. ఒకసారి కూర్చోండి. ఆ రెండో శనివారం కుర్రాణ్ణి తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ వచ్చేసరికి ఆట ఇంకా అవలేదు. కోటు విప్పకుండా మెట్ల దగ్గరే నిలబడింది. పిల్లలు తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే వాగు దగ్గరున్నారు. వానకి నీళ్ళు పెరిగాయి, ఈసారి వంతెన తప్ప దారి లేదు. కొట్టాలా, పారిపోవాలా అని వాదించుకుంటున్నారు. నేను మాటవరసకి ఆవిడ వైపు తిరిగి, “మీరైతే ఏం చేస్తారమ్మా?” అన్నాను.

“వాడు అక్కడ ఒక్కడే ఎందుకు కూర్చున్నాడో ఎవరైనా అడిగారా?” అందావిడ.

పిల్లలంతా నా వైపు తిరిగారు. ఎందుకు కూర్చున్నాడో నాకూ తెలియదు, నేనెప్పుడూ ఆలోచించలేదు. “అది వచ్చే శనివారం” అని పాచికలు సంచిలో వేసేశాను. కుర్రాడు బూట్లు వేసుకుంటూనే వాళ్ళమ్మతో వాదన మొదలెట్టాడు. కారు తలుపు పడేదాకా ఆ తెలుగు నాకు వినపడుతూనే ఉంది.